అవ్వ సంవత్సరీకానికి నాలుగు పేజీలు రాయమన్నారు, మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను

మెట్టమనవడు | ఆదివారం రాత్రి

అందరికీ నమస్కారం. మా అవ్వ (నాన్న వాళ్ల అమ్మ) పోయి వచ్చే నెలకు ఏడాది. సంవత్సరీకానికి చిన్న పుస్తకం అచ్చు వేయించి ఊళ్లో పంచాలని నాన్న కోరిక. నాలుగు పేజీలు, ముందు ఒక ఫోటో. ఇంట్లో తెలుగు టైపు చేయడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి పని నా నెత్తిన పడింది.

కూర్చుని రాసిన మొదటి వాక్యం: "భర్త, పిల్లలే లోకంగా బతికి, ఊరికి తలలో నాలుకలా మెలిగిన ఆదర్శ గృహిణి." మళ్లీ చదువుకుంటే నాకే నవ్వొచ్చింది. ఇందులో మా అవ్వ ఎక్కడుంది? పేరు మారిస్తే ఎవరి అవ్వకైనా సరిపోతుంది. ఫ్లెక్సీ మీద వేసే మాట.

నాకు తెలిసిన అవ్వ వేరు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, గేదె పాలు పిండుతూ దానితో కబుర్లు చెప్పేది, మాతో కంటే ఎక్కువే. అన్నం దగ్గర ఎవరం అలిగినా బతిమాలేది కాదు. కంచం మీద మూత పెట్టి తన పనికి పోయేది, గంటకి మేమే వెళ్లి తినేవాళ్లం. ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా రాత్రంతా పక్కన కూర్చునేది, పొద్దున్నే మాత్రం "ఇంక లెయ్, చాల్లే నీ జ్వరం" అనేది.

మాది నెల్లూరు జిల్లా మెట్ట, కలిగిరి వైపు పల్లె. అవ్వ పోయినప్పుడు చుట్టుపక్కల ఊళ్ల నుంచి మాకు మొహం కూడా తెలియని ఆడవాళ్లు ముప్పై నలభై మంది వచ్చారు. ఒక ముసలామె నా చెయ్యి పట్టుకుని "మీ అవ్వ లేకుంటే ఆ పొద్దు మేం నెల్లూరు పోయేవాళ్లమే కాదు అబ్బయా" అంది. ఏ పొద్దు, నెల్లూరు ఎందుకు అని అడిగేలోపే జనంలో కలిసిపోయింది.

మొన్న ట్రంకుపెట్టె సర్దుతుంటే పొదుపు పాసుపుస్తకం దొరికింది. 1993లో మొదలైంది. మూడేళ్ల పాటు అన్నీ వేలిముద్రలే, 1996 నుంచి సంతకం. మాకు తెలిసినంతలో ఆమె బడి గడప తొక్కలేదు. ఈ సంగతులేవీ ఇంట్లో ఒక్కసారి కూడా చెప్పలేదు. ఎవరికైనా ఏమన్నా తెలుసా? అసలు ఇలాంటివి ఎలా రాయాలి?

గోదారిపిల్ల | ఆదివారం రాత్రి

తమ్ముడూ, మా మామ్మ పోయినప్పుడు నేనూ ఇలాగే కూర్చున్నాను. ఒక్క సలహా ఇస్తాను. ఎవరి దగ్గరికి వెళ్లినా "ఆమె ఎలాంటి మనిషి?" అని అడగొద్దు. అందరూ "దేవత" అంటారు, అక్కడితో మాట అయిపోతుంది. "ఏ మూల పడుకునేది? ఎవరి మీద కోప్పడేది? చేతిలో ఎప్పుడూ ఏం ఉండేది?" అని అడుగు. అప్పుడు మనుషులు కళ్లు పైకెత్తి ఆలోచిస్తారు.

మా మామ్మ సంగతి చెప్తాను. 1986 ఆగస్టు గోదావరి వరదలో మా లంక మునిగితే, మెరక మీద ఉన్న బడిలో ఊరంతా తలదాచుకున్నారు. మామ్మ అక్కడ పొయ్యి పెట్టింది. గిన్నెలు చాలక ఎవరింట్లో తడవకుండా మిగిలినవి వాళ్లు తెచ్చిచ్చారు. వరద తీశాక మామ్మ ఊరంతా తిరిగి, గిన్నె మీద చెక్కిన పేరు చూపించుకుని (తనకి చదవడం రాదు, వెంట మా బాబాయిని తిప్పుకుంది) ఎవరివి వాళ్లకి అప్పజెప్పింది. రెండు గిన్నెలు మిగిలిపోయాయి. ఆ ఇంటివాళ్లు వరదతో ఊరే వదిలేశారు. ఆ గిన్నెలు మా అటక మీద ఇప్పటికీ ఉన్నాయి. మామ్మ వాటిల్లో ఎన్నడూ వండలేదు, వండనివ్వలేదు.

ఆమె గురించి రాసిన కాగితంలో నేను పెట్టింది ఆ రెండు గిన్నెల సంగతే. మిగతాదంతా కొట్టేశాను.

రిటైరైన_మాస్టారు | సోమవారం ఉదయం

బాబూ, 1991లో నేను మీ జిల్లాలోనే మెట్ట మండలంలో పంతుల్ని. ఆ జనవరిలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. రాత్రి ఎనిమిదికి గుడి అరుగు మీద లాంతరు పెట్టేవాళ్లం. కూలి నుంచి వచ్చి, వంట చేసి, పిల్లలకి పెట్టి అప్పుడొచ్చేవాళ్లు ఆడవాళ్లు. వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది, తాగుబోతు భర్త వల్ల ఇల్లు ఎలా చితికిపోయిందో. ఆ పాఠం రోజున ఎవరూ త్వరగా లేచేవాళ్లు కాదు. అది వాళ్లకి పాఠం కాదు మరి, సొంత ఇంటి సంగతే.

అప్పుడు సారా ప్యాకెట్లలో వచ్చేది. అంగడికి పోయి తాగాల్సిన పని లేదు, పొలం గట్టు మీదికే వచ్చేది. కూలి డబ్బు ఇంటికి చేరేలోపే సగం అయిపోయేది. మీ కలిగిరి మండలంలోనే దూబగుంట ఉంది. అక్కడి ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు అలా బయటికి తెలిసిందే. ఆ ఊరి కథ తర్వాతి వాచకంలో "ఆడవాళ్ళు ఏకమైతే" అనే పాఠమై మిగతా ఊళ్లకి పాకింది. 1992లో నెల్లూరులో సారా వేలం పాటల్ని అడ్డుకున్నారు, పాట మళ్లీ మళ్లీ వాయిదా పడింది. ఆ ముసలామె చెప్పిన "నెల్లూరు పోవడం" అదే అయ్యుంటుంది. 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగింది. ఆ ఊపులోనే రోజుకి రూపాయి చొప్పున దాచే పొదుపు లక్ష్మి సంఘాలు లేచాయి. మీ అవ్వ పుస్తకం ఆ కాలానిదే.

అయితే ఒకటి నాకు పొసగడం లేదు. రాత్రి బడిలో మేం అందరికీ మొదట నేర్పింది సంతకమే. మీ అవ్వ అక్కడికి వచ్చి ఉంటే 1993లో వేలిముద్ర ఎందుకు వేస్తుంది? కాబట్టి "రాత్రి బడిలో చదువుకుని సారాపై పోరాడింది" అని తొందరపడి రాసేయకు. పాసుపుస్తకంలో సంఘం పేరు ఉంటుంది. ఆ సభ్యులెవరో ఊళ్లో అడిగి, వెళ్లి కలువు. అందరూ డెబ్బై దాటినవాళ్లు. వచ్చే ఆదివారం అనుకోకు, ఈ వారమే పో.

చెరువుగట్టు | సోమవారం మధ్యాహ్నం

అందరికీ కోపం తెప్పించే మాట అంటున్నాను, క్షమించాలి. చనిపోయాక అందరి అవ్వలూ ఉద్యమకారులే అయిపోతారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం పెట్టారు, 1997లో ఎత్తేశారు. ఇప్పుడు వీధికో షాపు. ఆ పోరాటం గురించి గొప్పగా రాసి ఊళ్లో పంచితే, తీసుకునేవాళ్లలో సగం మంది దాన్ని జేబులో పెట్టుకుని బెల్టు షాపుకే పోతారు.

జేజి_మనవరాలు | సోమవారం మధ్యాహ్నం

చెరువుగట్టు గారూ, లెక్క నేను చెప్తాను. మాది కడప వైపు. ఆ నిషేధం ఉన్న రెండేళ్లలో మా నాన్న తాగలేదు. మానాలని కాదు, దొరక్క. దొంగతనంగా తెచ్చేవాళ్ల దగ్గర రేటు ఎక్కువ, మా జేజి కాపలా అంతకంటే ఎక్కువ. ఆ రెండేళ్ల కూలితో ఇంటికి రేకులు పడ్డాయి, నేను హైస్కూల్లో చేరాను. ఎత్తేశాక నాన్న మళ్లీ మొదలుపెట్టాడు. కానీ రేకులు ఎవరూ పీక్కుపోలేదు, నా పదో తరగతి సర్టిఫికెట్ కూడా. ఓడిపోయారని మీరంటున్న వాళ్ల వల్లే నేను ఈ నాలుగు ముక్కలు టైపు చేస్తున్నా.

నిర్వాహకుడు | సోమవారం సాయంత్రం

ఏ పార్టీ పెట్టింది, ఏ పార్టీ ఎత్తేసింది అన్న చర్చకు వేరే థ్రెడ్ ఉంది. ఆ మూడు కామెంట్లు అక్కడికి మార్చాను. ఇక్కడ అవ్వల గురించే మాట్లాడుకుందాం.

చెరువుగట్టు | సోమవారం రాత్రి

అమ్మా, మీ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఒప్పుకుంటున్నా.

నా బాధ వేరే, సరిగా చెప్పలేకపోయాను. మా నాయనమ్మ మంత్రసాని. చుట్టూ ఐదూళ్లలో నా వయసువాళ్లు చాలామంది ఆమె చేతుల్లో పడ్డవాళ్లే. ఏ అర్ధరాత్రి తలుపు కొట్టినా లేచి పోయేది, పోతూ పోతూ పిలవడానికి వచ్చినవాణ్ణి ఊరు దాటేదాకా తిట్టేది. మగపిల్లాడు పుడితే శేరు బియ్యం, ఆడపిల్ల పుడితే రెండు శేర్లు అడిగేది. ఎందుకే అంటే, "ఆడపిల్ల అగ్గువ అనుకోవద్దని" అనేది. గట్టు తగాదాలో సొంత తమ్ముడితో ఇరవై ఏళ్లు మాట్లాడలేదు. అతను పోయినప్పుడూ గడప దాటలేదు. మా అమ్మని ఎంత సతాయించిందో చెప్పక్కర్లేదు.

ఆమె పోయినప్పుడు మావాళ్లు వేయించిన కార్డు మీద "శాంతమూర్తి" అని ఉంది. కార్డు చూసి మా అమ్మ నవ్వాపుకోలేక లోపలికి పోయింది. మా నాయనమ్మ మంచిది కాదండీ, పనికొచ్చే మనిషి. ఆ మాట రాసే దమ్ము మాకెవరికీ లేకపోయింది. మీరైనా రాయండి అని నా ఉద్దేశం.

మెట్టమనవడు | మంగళవారం రాత్రి

చెరువుగట్టు అన్నా, పొద్దున మీ మాట చదివి కోపం వచ్చిన మాట నిజం. రెండోది చదివాక మాత్రం, ఇక్కడ చెప్పాలా వద్దా అని ఊగిసలాడుతున్న ఒక విషయం చెప్పేయాలనిపిస్తోంది.

మా మేనత్త కావలిలో ఉంటుంది. నాన్న కంటే చాలా చిన్నది. పుస్తకం సంగతి చెప్పి, నువ్వూ ఏమన్నా గుర్తుచేసుకో అత్తా అని ఫోన్ చేస్తే, "ఊరి పిల్లల్నందర్నీ సంకనేసుకుంది, నా పలక మాత్రం పక్కన పడేసింది. అది రాస్తావా?" అని పెట్టేసింది. అత్తని ఐదో తరగతిలో బడి మాన్పించారు. ఆ తర్వాత గేదెలు కాసింది, పదిహేడేళ్లకి పెళ్లి. నాన్న, చిన్నాన్న ఇద్దరూ డిగ్రీ. మా ఇంట్లో ఈ విషయం ఎవరూ ఎత్తరు. నాన్నని అడిగితే, "సంవత్సరీకం పుస్తకంలో ఆ పాత గొడవ ఎందుకురా" అన్నారు.

నాకు నిద్ర పట్టడం లేదు. టెన్షన్‌గా ఉంది.

గోదారిపిల్ల | మంగళవారం రాత్రి

నాన్న మాట పక్కన పెట్టు, అత్త "రాస్తావా?" అని అడిగింది కదా. వద్దు అనలేదు. మళ్లీ చెయ్యి. ఫోన్ కాదు, మనిషివి వెళ్లు.

రిటైరైన_మాస్టారు | బుధవారం ఉదయం

ముందు సంఘం వాళ్ల దగ్గరికి, తర్వాత అత్త దగ్గరికి. ఆ వరసలోనే వెళ్లు. ఊరికే వెళ్తే అత్త తిడుతుంది, ఏదో ఒకటి తెలుసుకుని వెళ్తే మాట్లాడుతుంది.

మెట్టమనవడు | తర్వాతి సోమవారం రాత్రి

వెళ్లొచ్చాను. కొంచెం పెద్ద పోస్టు, ఓపిక చేసుకోండి.

సంఘంలో పదిహేను మంది ఉండేవాళ్లట, ఇప్పుడు ఊళ్లో మిగిలింది ముగ్గురు. ముగ్గురినీ ఒకే ఇంట్లో కలిశాను. మొదట అక్క చెప్పినట్టే "దేవత" అన్నారు. అప్పుడు అడిగాను: "ఆ పొద్దు నెల్లూరు పోయినప్పుడు మా అవ్వ ఎక్కడ నిలబడింది?"

ముగ్గురూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని నవ్వారు. "మీ అవ్వా? ఆమె యాడికీ రాలా."

నాకు గుండె జారింది. ఇన్నాళ్లూ మనసులో అవ్వని కలెక్టరాఫీసు ముందు జెండా పట్టించి నిలబెట్టేశాను మరి. తర్వాత ఒకామె చెప్పింది. ఊళ్లో సారా కొట్టు ముందు కూర్చున్న రోజుల్లో వీళ్లంతా నడుముకి కారం పొట్లాలు కట్టుకుని, చీపుర్లు పట్టుకుని పోయేవాళ్లు. మొగుళ్లు ఇంట్లో అన్నం లేదని ఒకపక్క, పిల్లలు ఏడుపులు ఒకపక్క. మొగుళ్ల సంగతి ఎట్లనో చూసుకోవచ్చు, చంటి పిల్లల్ని ఏం చేయాలి? మా అవ్వ తన గేదెల కొట్టం ఊడ్చి, గోనెపట్టాలు పరిచి, "ఈడ పడేసి పోండి" అందట.

నెల్లూరు పోయిన పొద్దు ఆ కొట్టంలో పదకొండు మంది పిల్లలు. ఇద్దరు పాలు తాగేవాళ్లు. పొద్దుగూకేసరికి వస్తామని పోయినవాళ్లు మరుసటి రోజు మధ్యాహ్నానికి వచ్చారు. అవ్వ సంగటి కలిపి పెట్టింది, మేకపాలు గుడ్డ ముంచి పిల్లల నోట్లో పిండింది. ఊరి మగాళ్లు కొందరు కొట్టం ముందుకొచ్చి తిడితే గడప మీద కూర్చుని లేవలేదట. "మీ పిల్లకాయలే గదా లోపల ఉండేది, అరిస్తే లేస్తారు, మీరే జోకొట్టాలి" అందట. ఆ మాట నాకు బాగా తెలిసిన అవ్వ మాటే. కంచం మీద మూత పెట్టిపోయే మనిషి గొంతు అది.

మాస్టారూ, మీ ముడి కూడా విడిపోయింది. రాత్రి బడికీ అంతే. వీళ్లు అరుగు మీద అక్షరాలు దిద్దుతుంటే, అవ్వ అరుగు కింద చీకట్లో పిల్లల్ని ఒళ్లో పడుకోబెట్టుకుని కూర్చునేది. పాఠం చెవిన పడేది, పలక చేతికి రాలేదు. సీతమ్మ కథ మొత్తం తప్పు లేకుండా చెప్పేదట. చదవడం మాత్రం రాదు.

తర్వాత కావలి పోయాను. అత్తకి ఇదంతా చెప్పాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. చేటలో బియ్యం ఏరుతూనే ఉంది.

"పదకొండు కాదు. పన్నెండు," అంది. "నన్ను ఎవరూ లెక్కేయలా."

అప్పుడు అత్తకి పదేళ్లు. పదకొండు మందిని ఒక మనిషి ఎలా చూస్తుంది? ఒకణ్ణి చంకనేసుకుని, ఇద్దర్ని చేత్తో పట్టుకుని తిరిగింది అత్తే. ఆ రోజుల్లో ఇవాళ వద్దులే, రేపు పోదువులే అని బడి ఆగుతూ ఆగుతూ చివరికి పేరు కొట్టేశారు. మళ్లీ చేర్పించమని ఏడిస్తే అవ్వ "చూద్దాం" అంది. చూడలేదు. ఎవరో బలవంతంగా మాన్పించారని నేను అనుకున్నాను. అలా ఒకరోజు జరిగింది కాదు.

సంతకం? అది అత్త నేర్పిందే. 1996లో అత్తకి పద్నాలుగేళ్లు. ఒక రాత్రి అవ్వ పాసుపుస్తకం తెచ్చి ముందు పెట్టి "నా పేరు రాయడం నేర్పు" అందట. "నాకు ఒళ్లు మండింది, నన్ను మాన్పించి నన్నే అడుగుతోందే అని. అయినా నేర్పినా," అంది అత్త. వారం రోజులు, కొట్టం గోడ మీద బొగ్గుతో. పాసుపుస్తకంలో సంతకం గడి చిన్నది, పేరు చివర "మ్మ" రాస్తే వత్తు కింది గీత దాటిపోతోంది. అవ్వకి అది చాలా తప్పుగా తోచి ప్రతిసారీ ఆగిపోయేది. అప్పుడు అత్త "కింద పట్టకపోతే పక్కన పెట్టు, ఎవరడుగుతారు" అంది.

ఇంటికొచ్చి పుస్తకం తీసి చూశాను. 1996 నుంచి ఆఖరి పేజీ దాకా, ప్రతి సంతకంలోనూ వత్తు మ పక్కన కూర్చుని ఉంది. ఇన్ని రోజులు అది నాలుగో అక్షరం అనుకున్నాను.

జేజి_మనవరాలు | సోమవారం రాత్రి

ఆఫీసు బస్సులో చదివాను. పక్కసీటావిడ "ఏమైందమ్మా" అని నీళ్ల సీసా ఇచ్చింది.

రిటైరైన_మాస్టారు | మంగళవారం ఉదయం

నా దగ్గర అప్పటి హాజరు నోటుబుక్కు ఒకటి ఇంకా ఉంది. ఇవాళ తీసి చూశాను. అరుగు మీద కూర్చున్నవాళ్ల పేర్లే ఉన్నాయి. మా కేంద్రంలో కూడా అరుగు కింద ఒకామె కూర్చునేది, తలుచుకుంటే మొహం గుర్తొస్తోంది. పేరు మాత్రం నేను అడిగిన జ్ఞాపకం లేదు.

చెరువుగట్టు | మంగళవారం ఉదయం

మీ నాన్న ఒప్పుకున్నారా?

మెట్టమనవడు | శుక్రవారం రాత్రి

సగం. "బడి మాన్పించింది అనకు, బడి ఆగిపోయింది అను" అన్నారు. అత్తని అడిగితే, "వాడెట్లన్నా రాసుకోనీ, నా పేజీ నేను రాసిస్తా" అంది. రూళ్ల కాగితం మీద చేత్తో రాసి వాట్సాప్‌లో పంపింది. దాన్ని టైపు చేయకుండా అలాగే వేస్తున్నాం. నాలుగు పేజీలు ఐదయ్యాయి. ఆ "ఆదర్శ గృహిణి" వాక్యం తీసేశాను, ఇప్పుడు మొదటి వాక్యం కొట్టం ఊడ్చడంతో మొదలవుతుంది. కొట్టంలో పెరిగిన ఆ పదకొండు మందిలో ఐదుగురి ఫోన్ నంబర్లు దొరికాయి. సంవత్సరీకానికి వస్తామన్నారు.

అట్ట మీద ఫోటో కింద అవ్వ సంతకం పెట్టాం. ప్రెస్ అతను ప్రూఫ్ పంపుతూ ఫోన్ చేసి, "సార్, చివర్లో వత్తు పక్కకి పోయింది, సరిచేసేదా?" అన్నాడు.

వద్దన్నాను.

చెరువుగట్టు | శుక్రవారం రాత్రి

నాకొక కాపీ పంపు తమ్ముడూ. మా అమ్మకి చదివి వినిపించాలి.